తుబ్కల్‌కి రెండు రోజులు సరిపోవు: మీ అక్టోబరు ప్లాన్ గురించి నా సలహా

మీరు రాసింది రెండుసార్లు చదివాను. హైదరాబాద్ నుంచి నలుగురు వస్తున్నారు: మీరు, మీ ఆవిడ, మీ తమ్ముడు, యాభై ఎనిమిదేళ్ల మీ నాన్నగారు. అక్టోబరు చివరి వారం, అటూ ఇటూ కలిపి తొమ్మిది రోజుల సెలవు. మీరూ మీ తమ్ముడూ హిమాలయాల్లో కేదార్‌కాంత ట్రెక్ చేసి ఉన్నారు, మిగతా ఇద్దరూ ఎత్తైన చోట ఒక్క రాత్రి కూడా గడపలేదు. ఇద్దరు శాకాహారులు. రెండు రోజుల్లో మొరాకోలోని తుబ్కల్ పర్వతం ఎక్కి దిగేసి, అట్నుంచి అటే సహారా అంచున మెర్జూగా ఇసుక దిబ్బలు కూడా చూసి రావాలనుకుంటున్నారు. గైడ్ లేకుండా వెళ్లొచ్చా అని కూడా అడిగారు.

నేను ఉద్యోగం మీద ఆరేళ్లు కాసాబ్లాంకాలో ఉన్నాను. ఆ ఆరేళ్లలో ఏడుసార్లు తుబ్కల్‌కి బయల్దేరి ఐదుసార్లు పైకి చేరాను. ఒకసారి గాలి వల్ల, ఒకసారి ఎత్తు వల్ల వెనక్కి వచ్చాను. మీకు ఎక్కువగా ఉపయోగపడేది ఆ రెండోదే.

ముందు సూటిగా చెప్పేస్తాను. మెర్జూగా వదిలేయండి. ఆ రోజులు కొండకి ఇవ్వండి. గైడ్ లేకుండా కుదరదు, చెక్‌పోస్టు దాటనివ్వరు. ప్లాన్ వేసేటప్పుడు శిఖరం ఎప్పుడు ఎక్కుతాం అని కాకుండా ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటాం అని చూసుకోండి. మిగతావన్నీ దాన్ని బట్టి వాటంతటవే సర్దుకుంటాయి.

తుబ్కల్ ఎత్తు 4,167 మీటర్లు. అట్లాస్ పర్వతాల్లోనే కాదు, మొత్తం ఉత్తర ఆఫ్రికాలో దీన్ని మించినది లేదు. ఎక్కడం మొదలయ్యే ఊరు ఇమ్లిల్, 1,740 మీటర్లు. మన తూర్పు కనుమల్లో ఎంత పెద్ద శిఖరమైనా 1,700 మీటర్లు దాటదు. అంటే మీరు టాక్సీ దిగి బ్యాగు భుజాన వేసుకునే చోటే మన అరకు కొండలన్నిటికంటే ఎత్తు. అక్కణ్నుంచి ఐదారు గంటలు నడిస్తే 3,207 మీటర్ల దగ్గర రెఫ్యూజ్ వస్తుంది. రెఫ్యూజ్ అంటే కొండ మీద సత్రం లాంటిది, రాతి కట్టడం, బంకు మంచాలు, వేడి భోజనం. రెండు రోజుల ప్యాకేజీలో మొదటి రాత్రి అక్కడే పడుకుంటారు, తెల్లవారుజామున లేచి శిఖరం ఎక్కి, అదే రోజు ఇమ్లిల్ దాకా దిగిపోతారు.

లెక్క చూడండి. కొండకి బయల్దేరే నగరం మరాకేష్ సముద్రమట్టానికి నాలుగు వందల అరవై మీటర్లో ఎంతో ఉంటుంది, ఇంచుమించు మన హైదరాబాద్ అంతే. నిన్న రాత్రి అక్కడ పడుకున్న మనిషి ఈ రాత్రి 3,200 మీటర్ల దగ్గర పడుకుంటున్నాడు. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి ఐదు వందల మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదని పర్వత వైద్యం తెలిసినవాళ్లు చెబుతారు. ఇక్కడ ఒకే రోజులో రెండు వేల ఏడు వందలు పెరుగుతోంది. కేదార్‌కాంతలో మీరు బేస్ ఊరి నుంచి మెల్లగా క్యాంపులు మారుతూ వెళ్లారు, అందుకే మీకు పెద్దగా తెలియలేదు. ఆ అనుభవం ఉంది కదా అని ఇక్కడ ధైర్యం చేయకండి. ఇమ్లిల్ దాకా మంచి తారు రోడ్డు ఉండటం, మరాకేష్ నుంచి గంటన్నర ప్రయాణమే కావడం, దారి పెద్దగా కష్టం కాకపోవడం, ఈ సౌకర్యాల వల్లే చాలామంది మోసపోతారు.

నేను మోసపోయింది కూడా అలాగే. మొదటిసారి మరాకేష్‌లో ఒక ఏజెంట్ దగ్గర రెండు రోజుల ప్యాకేజీ కొన్నాం, నేనూ మా ఆఫీసు మిత్రుడూ. అతను నాకంటే గట్టివాడు, రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తేవాడు. మధ్యాహ్నం మూడున్నరకే రెఫ్యూజ్ చేరిపోయాం, అందరికంటే ముందు. రాత్రి భోజనానికి వేడివేడి హరీరా సూప్ పెడితే అతను రెండు చెంచాలు తాగి పక్కన పెట్టేశాడు. తలనొప్పి అన్నాడు. అలసట అనుకున్నాం. రాత్రి రెండింటికి లేచి వాంతులు చేసుకున్నాడు. మా గైడ్ వచ్చాడు. అతన్నేమీ అడగలేదు, వరండాలోకి తీసుకెళ్లి నేల మీద రాళ్ల మధ్య గీత చూపించి దాని మీద నడవమన్నాడు, ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకి ఆనిస్తూ. నాలుగో అడుగులో మా వాడు గోడ పట్టుకున్నాడు. మళ్లీ నడవమన్నాడు. మళ్లీ తూలాడు. గైడ్ ఇక మాట్లాడకుండా లోపలికెళ్లి మా ఇద్దరి బ్యాగులూ సర్దడం మొదలుపెట్టాడు.

ఆ చీకట్లో టార్చి వెలుగులో అతన్ని మధ్యలో పెట్టుకుని దిగాం. తొమ్మిది వందల మీటర్లు కిందికి, సిది షమ్‌హరూష్ అనే చోటికి వచ్చేసరికి తెల్లారింది. అక్కడ ఒక బండరాయి మీద కూర్చుని, దుకాణం తెరుస్తున్న కుర్రాణ్ని చూసి, నారింజ రసం దొరుకుతుందా అని అడిగాడు మా వాడు. ఆ ప్రశ్న విన్నప్పుడు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కిందికి దిగడమే మందు. నేరుగా నడవలేకపోవడం అంటే ఎత్తు ప్రభావం మెదడు దాకా వెళ్లిందని అర్థం, అలాంటప్పుడు తెల్లవారేదాకా ఆగుదాం అనుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ నడిపించి చూసే పరీక్ష మీ నలుగురూ నేర్చుకుని రండి. అలాగే కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గుతో గురగుర శబ్దం వచ్చినా అది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కావచ్చు, దానికీ అదే, వెంటనే దిగడం.

ఇప్పుడు మీ తొమ్మిది రోజులు ఎలా సర్దొచ్చో చెబుతాను. మొదటి రోజు ప్రయాణం. హైదరాబాద్ నుంచి నేరుగా ఫ్లైట్ లేదు, దుబాయ్, దోహా, అబుదాబి మీదుగా కాసాబ్లాంకా రావాలి. అక్కణ్నుంచి మరాకేష్‌కి రైలు ఉంది, మూడు గంటలలోపే. రెండో రోజు మరాకేష్‌లో ఊరికే ఉండండి. నిద్ర తీర్చుకోండి, సిమ్ తీసుకోండి, డబ్బు తీసుకోండి. మూడో రోజు పొద్దున్నే ఇమ్లిల్. టాక్సీలో అస్ని మీదుగా వెళ్తారు, అస్ని దాటాక లోయ ఇరుకవుతుంది, వాల్‌నట్ చెట్లు, యాపిల్ తోటలు మొదలవుతాయి. ఇమ్లిల్‌లో టీ తాగి, మెల్లగా గంట నడిచి పై ఊరు అరుమ్ద్ చేరండి. దాదాపు 1,900 మీటర్లు. రెండు రాత్రులు అక్కడే బస.

నాలుగో రోజు సామాను ఇంట్లోనే ఉంచి తిజి న్ మ్జిక్ కనుమ దాకా ఎక్కి దిగండి. అది 2,489 మీటర్లు. అక్కడి కొండవాళ్ల అమాజిగ్ భాషలో తిజి అంటే కనుమ, ఈ మాట మీకు మ్యాపు నిండా కనిపిస్తుంది. పైకి వెళ్లి కాసేపు కూర్చుని కిందికి వచ్చి పడుకోవడం శరీరానికి చాలా మంచిది. అంతేకాదు, మీ నాన్నగారు ఎలా నడుస్తున్నారో, మీ ఆవిడకి బూట్లు ఎక్కడ ఒరుసుకుంటున్నాయో ఆ రోజే తెలిసిపోతుంది. ఏదైనా తేడా ఉంటే ఇమ్లిల్ కిందే ఉంది, కొనుక్కోవచ్చు, అద్దెకి తీసుకోవచ్చు.

ఐదో రోజు రెఫ్యూజ్‌కి. పొద్దున ఏడింటికల్లా బయల్దేరి, ఎవరితోనూ పోటీ పడకుండా, మాట్లాడుతూ నడవగలిగే వేగంతో వెళ్లండి. ఆయాసపడకుండా ఒక పాట పాడగలిగితే సరైన వేగం అన్నమాట. మొదట ఎండిపోయిన వెడల్పాటి ఏటి ఇసుక, తర్వాత కంచరగాడిదల బాట, సగం దూరంలో సిది షమ్‌హరూష్. తెల్ల సున్నం వేసిన పెద్ద బండ, దాని దగ్గర ఒక దర్గా. మానసిక బాధలు నయమవుతాయని మొరాకో నలుమూలల నుంచి జనం వస్తారు. ముస్లిములు కానివాళ్లని లోపలికి రానివ్వరు, వంతెన ఇవతల నుంచే చూడాలి. ఫొటోలు తీసేటప్పుడు అక్కడికి వచ్చినవాళ్ల ముఖాలు పడకుండా చూసుకోండి, వాళ్లు కష్టంలో వచ్చినవాళ్లు. మన పుణ్యక్షేత్రాల దారి లాగే ఉంటుంది, వరసగా చిన్న దుకాణాలు, నీళ్లు పారే కాలవలో చల్లబెట్టిన కూల్‌డ్రింకులు.

ఆరో రోజు రెఫ్యూజ్‌లోనే. చాలామంది దీన్ని వృథా రోజు అనుకుంటారు. మీ బృందానికి ఇదే అన్నిటికంటే ముఖ్యమైన రోజు. అరుమ్ద్‌కీ రెఫ్యూజ్‌కీ మధ్య ట్రెక్కర్లు మామూలుగా రాత్రి ఆగరు కాబట్టి ఆ పదమూడు వందల మీటర్ల గెంతు తప్పదు, దాన్ని సరిచేసుకోవడానికే ఈ రోజు. పొద్దున ఎండ వచ్చాక తిజి న్ వగాన్ వైపు రెండు గంటలు మెల్లగా ఎక్కి, దిగి, మధ్యాహ్నం పడుకోండి. నీళ్లు తాగండి, తినాలనిపించకపోయినా తినండి.

ఏడో రోజు శిఖరం. ఎనిమిదో రోజు మరాకేష్. తొమ్మిదో రోజు సాయంత్రం ఫ్లైట్ దొరికేలా చూసుకుంటే, ఏడో రోజు వాతావరణం బాగోకపోయినా ఎనిమిదో రోజు పొద్దున ఇంకో ప్రయత్నం చేసి దిగిపోవచ్చు. పొద్దున ఫ్లైట్ అయితే ఆ అవకాశం పోతుంది.

మీరూ మీ తమ్ముడూ ఇద్దరే అయి ఉంటే ఇంకో దారి చెప్పేవాణ్ణి. మ్జిక్ కనుమ దాటి అవతల తమ్సూల్త్ అనే గొర్రెల కాపరుల గుడిసెల దగ్గర రాత్రి ఆగి, మర్నాడు ఇర్హూలిదెన్ జలపాతాల పక్కగా అగెల్జిమ్ కనుమ ఎక్కి రెఫ్యూజ్‌లోకి దిగే దారి. ఆ కనుమ మూడున్నర వేల మీటర్లు దాటుతుంది. మెలికలు మెలికలుగా ఎక్కుతూనే ఉండాలి, ఆరేడు గంటల పని. దారిలో వందల ఏళ్ల జునిపర్ చెట్లుంటాయి, మొదళ్లు తాడు పేనినట్టు మెలితిరిగి, సగం ఎండిపోయి, సగంలో పచ్చని కొమ్మ. తుబ్కల్ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి అది. మొదటిసారి వచ్చే పెద్దాయనతో మాత్రం వద్దు.

శిఖరం రోజు గురించి. రెఫ్యూజ్ నుంచి తొమ్మిది వందల అరవై మీటర్లు ఎక్కాలి, మామూలుగా మూడున్నర నాలుగు గంటలు. మొరాకోలో గడియారం ముందుకి ఉంటుంది కాబట్టి అక్టోబరు చివర్లో సూర్యోదయం ఏడున్నర దాటాకే. ఐదింటికి బయల్దేరితే మొదటి రెండు గంటలకి పైగా చీకట్లోనే. హెడ్‌ల్యాంప్ ఒక్కొక్కరికి ఒకటి ఉండాలి, ఫోన్ టార్చి పనికిరాదు, చేతులు ఖాళీగా ఉండాలి. దక్షిణ లోయ గుండా వెళ్తారు. ఎక్కుతుంటే కాలి కింద సన్న రాళ్ల పొడి జారుతూ ఉంటుంది, మూడడుగులు వేస్తే రెండే ముందుకి పడతాయి. ఎక్కేటప్పుడు ముందు మనిషి అడుగులోనే అడుగు వేయండి. దిగేటప్పుడు మడమ గుచ్చి, మోకాలు కొంచెం వంచి దిగాలి. వాలు పైభాగంలో గాలి మీ ముఖం మీద కొట్టడం మొదలవుతుంది, అక్కణ్నుంచి శిఖరం దాకా అంచు వెంట దారి. నేను గాలి వల్ల వెనక్కి వచ్చిన చోటు అదే. నిలబడలేక ఇద్దరం రాయి పట్టుకుని కూర్చుండిపోయాం, శిఖరం మీది ఇనుప మూడుకాళ్ల గుర్తు కళ్లెదురుగా కనిపిస్తూనే ఉంది. గైడ్ తల అడ్డంగా ఊపాడు. దిగాం. మీ గైడ్ వద్దంటే మీరూ వాదించకండి, ఆయన ఆ గాలిని ఏడాదికి యాభైసార్లు చూస్తాడు.

పైనుంచి ఉత్తరాన మరాకేష్ మైదానం, ఆగ్నేయాన సిర్వా పర్వతం, దాని అవతల మట్టిరంగు కొండలు వరసగా కనిపిస్తాయి. శిఖరం మీద పావుగంట చాలు. తర్వాత అసలు కష్టం మోకాళ్లకి. శిఖరం నుంచి ఇమ్లిల్ దాకా ఒకేరోజు దిగితే 2,400 మీటర్ల పైచిలుకు. అంతా ఒకే రోజు దిగాలని పట్టుబట్టకండి. మీ నాన్నగారు అలసిపోతే రెఫ్యూజ్‌లోనే ఆ రాత్రి ఆగి పొద్దున దిగండి. ట్రెక్కింగ్ పోల్స్ నలుగురికీ తప్పనిసరి.

గైడ్ విషయం. 2018 డిసెంబరులో ఇమ్లిల్ పైన ఇద్దరు స్కాండినేవియా యువతులు హత్యకి గురయ్యారు. ఆ తర్వాత నుంచి తుబ్కల్ దారిలో చెక్‌పోస్టులు పెట్టారు, పాస్‌పోర్ట్ చూసి వివరాలు రాసుకుంటారు, లైసెన్సు ఉన్న గైడ్ లేకుండా వదలరు. పాస్‌పోర్ట్ హోటల్ లాకర్‌లో పెట్టి రాకండి, ఒరిజినల్ కావాలి. గైడ్ అంటే దారి చూపించే మనిషి ఎవరైనా కాదు. పర్వత గైడ్లకి ఆయిత్ బూగెమెజ్ లోయలో తబంత్ అనే ఊళ్లో ప్రభుత్వ శిక్షణ కేంద్రం ఉంది, అక్కడ చదివి పాసైనవాళ్లకి ఫొటోతో గుర్తింపు కార్డు ఇస్తారు. ఆ కార్డు చూపించమని అడగడం మర్యాద తక్కువేమీ కాదు, సంతోషంగా చూపిస్తారు. ఇమ్లిల్‌లోనే గైడ్ల ఆఫీసు ఉంది. మరాకేష్ ఏజెంట్ దగ్గర కంటే నేరుగా అక్కడి మనిషితో మాట్లాడుకుంటే మీరిచ్చే డబ్బు కొండలోనే ఉంటుంది.

ఇది నేను ఊరికే అనడం లేదు. 2023 సెప్టెంబరు 8 రాత్రి వచ్చిన భూకంపం కేంద్రం ఈ కొండల్లోనే, తీవ్రత 6.8. దాదాపు మూడు వేల మంది పోయారు. మట్టి, రాయితో కట్టుకున్న ఊళ్లకి ఊళ్లు కూలిపోయాయి. ఇమ్లిల్ లోయలో ఇళ్లూ దెబ్బతిన్నాయి. ఆ తర్వాత ఒకసారి వెళ్లినప్పుడు, నేను ఎప్పుడూ బస చేసే ఇంట్లో పై అంతస్తు లేదు. ఆ ఇంటి పెద్దావిడ కింది గదిలోనే చాప పరిచి రొట్టె, వెన్న, తేనె పెట్టింది. పై గది ఉన్నప్పుడు ఎలా పెట్టేదో అచ్చంగా అలాగే. ఈ లోయలో వ్యవసాయం కొంచెమే, మిగతా బతుకంతా ట్రెక్కర్ల మీదే. గైడ్, కంచరగాడిద తోలే మనిషి, వంటమనిషి, బస ఇచ్చే ఇల్లు, అందరూ ఈ లోయవాళ్లే అయ్యేలా చూసుకోండి.

కంచరగాడిదని తప్పకుండా మాట్లాడుకోండి. నలుగురి పెద్ద బ్యాగులూ దాని మీద వెళ్తాయి, మీ భుజాల మీద నీళ్లు, జాకెట్, తిండి ఉంటే చాలు. బేరం గైడ్‌తో ఆడేటప్పుడు ధరలో ఏమేమి కలిశాయో విడివిడిగా అడగండి: రెఫ్యూజ్ మంచాలు, భోజనాలు, గాడిద, టాక్సీ. గొడవలన్నీ ఇక్కడే వస్తాయి. చివర్లో టిప్ వేరే. దాన్ని గైడ్ చేతిలో మొత్తంగా పెట్టకుండా, గాడిద తోలిన మనిషికి మీ చేత్తో మీరే ఇవ్వండి.

డబ్బు గురించి ఒక్క మాట. మొరాకో కరెన్సీ దిర్హమ్‌ని ఇండియాలో ముందుగా కొనుక్కోలేరు, అక్కడికి వెళ్లాకే మార్చుకోవాలి. కొండల్లో కార్డులు నమ్ముకోకండి, ట్రెక్‌కి కావలసిన నగదంతా మరాకేష్‌లోనే తీసుకోండి. వీసా మన పాస్‌పోర్ట్‌కి కావాలి. ఆన్‌లైన్‌లో ఈ-వీసా ఉంది, మొరాకో ప్రభుత్వ అధికారిక పోర్టల్‌లోనే అప్లై చేయండి, మధ్యవర్తుల సైట్లు వద్దు. మీ తమ్ముడు డ్రోన్ తెస్తానన్నాడట, వద్దని చెప్పండి. అనుమతి లేని డ్రోన్ ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు.

అక్టోబరు చివర మంచి సమయమే, నాకు అక్టోబరు, మే రెండూ ఇష్టం. వేసవిలో కింద వేడి, మధ్యాహ్నాలు పైన ఉరుములు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచు, అప్పుడు క్రాంపాన్లు (బూట్ల కింద బిగించే ఇనుప ముళ్లు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) వాడటం వచ్చి ఉండాలి, అది వేరే ఆట. అయితే అక్టోబరు చివర్లో పైన కొత్త మంచు పడటం వింతేమీ కాదు. బయల్దేరే ముందు రోజు గైడ్‌ని అడగండి. అవసరమైతే ఇమ్లిల్‌లో క్రాంపాన్లు అద్దెకి దొరుకుతాయి, కానీ మీ బూట్లకి సరిగ్గా బిగుస్తున్నాయో లేదో కిందే పెట్టి చూసుకోండి. రాత్రి రెఫ్యూజ్ బయట నీళ్లు గడ్డకడతాయి. లోపల ఒంటికి అంటుకునేలా థర్మల్, పైన ఫ్లీస్, ఆపైన డౌన్ జాకెట్, అన్నిటి మీదా గాలి ఆపే జాకెట్. జీన్స్ వద్దు. చేతి తొడుగులు రెండు జతలు, ఎందుకంటే ఒకటి కచ్చితంగా తడుస్తుంది. రెఫ్యూజ్‌లో దుప్పట్లు ఇస్తారు గానీ స్లీపింగ్ బ్యాగ్ తెచ్చుకుంటే నిద్ర పడుతుంది. నీళ్లు బాటిళ్లు కొంటూ పోకుండా క్లోరిన్ మాత్రలు తెచ్చుకోండి, ఊటనీళ్లయినా మాత్ర వేసే తాగండి, పైన గొర్రెలు మేస్తుంటాయి.

శాకాహారం సంగతికి టెన్షన్ పడకండి, కానీ ముందే చెప్పాలి. కూరగాయల తాజీన్ (మూత ఉన్న మట్టిపాత్రలో ఉడికించే కూర) అన్నా ఒక్కోసారి మాంసంతో కలిపి ఉడికించి, ముక్కలు తీసి పెడతారు, వాళ్ల దృష్టిలో అది కూరగాయల కూరే. హరీరా సూప్‌లో కూడా మాంసం ఉండొచ్చు. “బ్లా ల్హమ్” అనండి, మాంసం లేకుండా అని. వంట మొదలుపెట్టక ముందే అనాలి. గుడ్లు, పప్పు, బీన్స్, ఆలివ్‌లు, బాదం, ఆర్గాన్ నూనె, తేనె కలిపి నూరిన అమ్లూ, వేడి రొట్టె, వీటితో కడుపు నిండిపోతుంది. మన కారం లేని లోటు మాత్రం మూడో రోజు నుంచి తెలుస్తుంది. ఎత్తులో నోరు చప్పబడిపోతుంది, అన్నం సయించదు. చిన్న సీసాలో కందిపొడి, కొంచెం చింతకాయ పచ్చడి పెట్టుకోండి. రెఫ్యూజ్‌లో ఆ రెండు చెంచాల పచ్చడి రొట్టెకి రాసుకుని తినడం వల్లే ఒకసారి నాకు భోజనం దిగింది. పుదీనా టీ ఎక్కడికెళ్లినా ఇస్తారు, ఎత్తు నుంచి సన్నధారగా పోస్తారు, చక్కెర బాగా ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే “బ్లా సుక్కర్” అని చెప్పాలి. “అజూల్” అంటే నమస్కారం, “తన్మీర్త్” అంటే ధన్యవాదాలు. ఈ రెండు మాటలు వాళ్ల భాషలో అంటే ముఖాలు వెలిగిపోతాయి.

మీ నాన్నగారి గురించి చివరికి ఉంచాను, ఎందుకంటే నిజంగా ప్లాన్ అంతా ఆయన్ని బట్టే. యాభై ఎనిమిది పెద్ద వయసు కాదు, అరవై దాటినవాళ్లు హాయిగా ఎక్కడం చూశాను. కానీ బీపీ మాత్రలు వాడుతున్నారని రాశారు. టికెట్లు కొనకముందే గుండె డాక్టర్‌కి చూపించి, నాలుగు వేల మీటర్లకి వెళ్తున్నానని స్పష్టంగా చెప్పి, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించండి. ఎత్తు వల్ల జబ్బు చేయకుండా వాడే డయామాక్స్ మాత్ర గురించి కూడా ఆ డాక్టర్‌నే అడగాలి. అది మూత్రం ఎక్కువ చేస్తుంది, బీపీ మాత్రల్లో కొన్ని అదే పని చేస్తాయి, రెండూ కలిస్తే ఇబ్బంది. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతీ చెప్పాలి. ఎవరో స్నేహితుడు వేసుకున్నాడని వేసుకోవద్దు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు 4,200 మీటర్ల దాకా ట్రెక్కింగ్ కవర్ అవుతుందో లేదో పాలసీలో చదవండి, చాలావాటిలో ఎత్తు పరిమితి రాసి ఉంటుంది. మొరాకోలో పట్టణాల బయట ఆపద వస్తే జాండార్మరీ, అంటే అక్కడి గ్రామీణ పోలీసుల నంబరు 177, నలుగురి ఫోన్లలోనూ ఉంచుకోండి. అయితే పైన సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. ఎవరికైనా బాగోకపోతే మొదట కిందికి తెచ్చేది గాడిదే, అందుకే దాన్ని రెఫ్యూజ్ దగ్గరే ఉంచమని గైడ్‌తో ముందే మాట్లాడుకోండి.

ప్రాక్టీసుకి మెట్లు ఎక్కండి. ఇంట్లో లిఫ్ట్ మానేయండి. వీలైతే నెలకోసారి తిరుపతి వెళ్లి అలిపిరి మెట్లు ఎక్కండి, మూడున్నర వేల మెట్లు. ముఖ్యంగా ఎక్కిన దారినే నడిచి దిగండి, బస్సు ఎక్కకండి, తుబ్కల్ మోకాళ్లని పరీక్షించేది దిగేటప్పుడే. కొత్త బూట్లు అయితే ఆ మెట్ల మీదే అలవాటు చేసుకోండి. నాన్నగారిని కూడా తీసుకెళ్లండి, ఆయన వేగానికి మీరు నడవడం ఇప్పటి నుంచే అలవాటు కావాలి.

ఇక మెర్జూగా. మరాకేష్ నుంచి ఐదు వందల యాభై కిలోమీటర్ల పైమాట, ఘాట్ రోడ్డు మీద తొమ్మిది పది గంటలు, ఒక్క వైపుకి. శిఖరం దిగిన మర్నాడు పట్టేసిన కాళ్లతో అంతసేపు కారులో కూర్చోవడం, ఎల్లుండి మళ్లీ అంతే వెనక్కి. ఎడారి మీద అంత మనసుంటే దానికి వేరే సెలవు పెట్టుకుని రండి, నాలుగు రోజులు ఇస్తేనే దానికి న్యాయం.

నాన్నగారి రిపోర్టులు వచ్చాక ఇక్కడే రాయండి. డాక్టర్ వద్దంటే దిగులు పడనక్కర్లేదు, ఆయన అరుమ్ద్‌లో ఆ మూడు రోజులూ ఉండొచ్చు. పొద్దున సిది షమ్‌హరూష్ దాకా నడిచి రావచ్చు, అది 2,300 మీటర్లే. అక్టోబరులో వాల్‌నట్ కాయలు దులిపి పైకప్పుల మీద ఆరబోసి ఉంటారు. ఆ ఇంటివాళ్ల పక్కన కూర్చుని ఒలుస్తూ ఉంటే వేళ్లు నల్లబడిపోతాయి, వారం దాకా పోదు. మీరు దిగి వచ్చేసరికి ఆయన చేతులు చూస్తే ఆ మూడు రోజులూ ఎలా గడిపారో మీకే తెలుస్తుంది.